రెండో గ్లాసు

మా ఇంట్లో తొమ్మిదికల్లా రాత్రిని మూసేస్తారు.
మాల్యాద్రి కళ్ళజోడు మడిచి
ఫ్రిజ్ మీద పెట్టాడంటే
ఒంగోలు మొత్తానికి దీపాలార్పినట్టే.
తల దిండుకి తాకీ తాకకముందే గురక.
నాలుగింటికి ఎవరూ లేపకుండానే మెలకువ,
చెంబెడు నీళ్ళు తాగి
మినీ స్టేడియం చుట్టూ ఆరు చుట్లు.

నాకేమో
పదకొండు దాటాకే ఒళ్ళు తెల్లవారుతుంది.
గిన్నెలు అప్పుడే తోమబుద్ధేస్తుంది.
పాలు తోడేస్తాను,
నానేసిన మినప్పప్పుని ఊరికే వేళ్ళతో కలుపుతూ నిలబడతాను.
మద్రాసు వైపు పోయే గూడ్సు ఒకటి కూస్తుంది.
ఒంటిగంటకి
చీమకుర్తి రాళ్ళు మోసే లారీలు
కర్నూలు రోడ్డుని ఈడ్చుకుపోతుంటే
కిటికీ చువ్వలు వణుకుతాయి.
రెండు దాటాక
ఎవరో భుజం తట్టినట్టు నిద్ర.
అక్కణ్ణించి ఎనిమిదిన్నర దాకా
నన్ను ఎత్తుకుపోయినా తెలీదు.

ఆ ఎనిమిదిన్నరే
మా అత్త నాగరత్తమ్మకి మింగుడుపడదు.
"బారెడు పొద్దెక్కింది!
లక్ష్మి గడపలో నిలబడి నిలబడి
పక్కింటికి పోయింది" అంటుంది.
సరిగ్గా నా తలగడ వెనక గోడకి అవతల
రోలు పెట్టించుకుని పచ్చడి దంచుతుంది.
(పక్కింటికి లక్ష్మేమీ చేరలేదు.
నేను కనుక్కున్నా.)

పదిహేడేళ్ళలో చెయ్యనిదేముంది.
గసగసాల పాలు తాగాను,
అరికాళ్ళకి ఆముదం రాశాను,
ఆయనతోపాటు తొమ్మిదింటికి పడుకుని
మూడు ఫ్యాన్ రెక్కల్ని మూడొందలసార్లు లెక్కపెట్టాను.
ఫోను చూడొద్దన్నాడు డాక్టరు.
ఫోను పడుకుంది.
నేను పడుకోలేదు.

మొన్న కొండపి పోయినప్పుడు
తమ్ముడు బేరన్ కూలగొట్టిస్తున్నాడు.
లైసెన్సు ముందే అమ్మేశాడు.
పొయ్యి నోటి దగ్గర ఇటుకలు ఇంకా నల్లగానే ఉన్నాయి.
ఒకటి తీసి వాసన చూశా.

మా నాన్న చెంచయ్య బేరన్లు కాల్చేవాడు.
ఊళ్ళో సగం పొగాకు
ఆయన కంటికునుకు తినే పసుపెక్కేది.
ఒక్కో బేరన్‌కి ఆరు రాత్రులు.
వేడి పడిపోతే ఆకు పచ్చిగానే చస్తుంది,
పెరిగితే మాడుతుంది,
ఇంకా పెరిగితే ఇంటిప్పు ఊడుతుంది.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
అమ్మ పచ్చి బాలింత,
కాబట్టి టీ నా వంతు.
పదకొండింటికి ఒక గ్లాసు,
రెండింటికి ఒక గ్లాసు.
నడుమ సరుగుడు మొద్దులు అందించాలి,
చిన్న కిటికీలోంచి బ్యాటరీ లైటు వేసి
పాదరసం ఎక్కడుందో చెప్పాలి.
"నూట ముప్ఫయ్యెనిమిది నానా."
"ఇంకో రెండు రానీ."

రెండో గ్లాసు ఖాళీ చేసి
గోనెపట్టా దులిపి పరిచేవాడు.
"ఇంక నీ డూటీ అయిపోయింది, పడుకోమ్మా.
నేనుండాగా."
వీపుకి వెచ్చటి గోడ.
లోపల ఆకు పండుతూ
ఎక్కడో తేనెపట్టు పిండినట్టు వాసన.
నేను కళ్ళు మూసేలోపు
మొద్దొకటి చిటపటమనేది.

ఆ ఇటుక సంచీలో వేసుకొచ్చా.
అడిగితే
చపాతీ పీట కింద ఎత్తుకన్నా.

నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి
వంటింటి గుమ్మంలో నాగరత్తమ్మ.
కాళ్ళు లాగుతున్నాయంట, కునుకు పట్టలేదంట.
నేనేమీ అనలేదు, టీ పెట్టా.
ఇద్దరం లారీలు విన్నాం.
"రోజూ ఇన్ని పోతయ్యా?" అనడిగింది.
"శనివారాలు తక్కువ" అన్నా.
రెండింటికి గ్లాసులు కడిగి
"ఇంక పడుకోండి, నేనుండాగా" అన్నా.
ఆ గొంతు నాది కాదు.

పొద్దున తొమ్మిదైనా రోలు మోగలేదు.
లేచి చూస్తే
ఆమె నవారు మంచం మీద
నోరు తెరుచుకుని నిద్రపోతోంది.
గడప మీద బారెడు ఎండ.
లక్ష్మి సంగతి
ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.