ఎంత దాకా

అలసూరులో, మద్రాసు సాపర్ల గేటుకి ఎదురుగా
మా నాయన టైలరు కొట్టు.
నేను కాజాలు కుట్టేదాన్ని.
నాయన పేరుపట్టీలు కుట్టేవాడు,
పచ్చగుడ్డ మీద నల్లదారం.
పేరుకి రెండు రూపాయలు, పొడుగు పేరైనా అంతే.

సముద్రం దాటి దీవికి పోయే బ్యాచికి
మొదటి ఏడు ఒకే రాత్రి నలభై పేర్లు కుట్టినాం.
దీపావళికి తిరిగొస్తామన్నారు.
ఏ దీపావళికో చెప్పలేదు.

మూడో ఏడు వానల్లో
కుప్పం గజపతి, హవల్దారు, సెలవుకొచ్చి
స్టూలు మీద కూచోని టీ చల్లారబెడతా అన్నాడు:
"ఇప్పుడు లేచొచ్చేస్తే, చెంగప్పా,
ఆడ పోయిన మనోళ్ళకి ఏమని చెప్పేది?"

నాయన నోట్లో గుండుసూదులు.
మాట్లాడకపోవడానికి అవెప్పుడూ ఆయనకొక సాకు.
ఆ పూట నేనొక చొక్కాకి
చెయ్యి తిరగేసి కుట్టేసినా.
ఇంత దారం పోసినాక ఇంకేం, కానిచ్చేద్దామన్నా.
నాయన బ్లేడు తీసి పరపరా విప్పేసినాడు.

గజపతి నవ్వినాడు. "గుడ్డ కాబట్టి విప్పితివి."
కాసేపాగి,
"ఆడొక ముసలామె మాకు బావి నీళ్ళు తోడిచ్చేది.
మేం వచ్చేస్తే ఆమెను బతకనిస్తారా?
మేం ఉంటే మాత్రం,
రాత్రి తలుపు తడితే ఆమె భయపడేది మాకే."

విప్పినచోట సూది బెజ్జాలు
వెలుగులో పెడితే వరసగా కనిపిస్తాయి.
నాయన ఆ చొక్కాని మడిచి పక్కన పెట్టినాడు.

పక్క బేకరీలో బన్ను తింటా
దేశం పరువని అరుచుకునేవాళ్ళు.
అది ఎన్ని గజాలో
ఎవరూ కొలిచి చెప్పలేదు.

తీసుకపోవడానికి ఎవరూ రాని పేర్లు
మా బిస్కెట్ల డబ్బాలో ఉండేవి.
బటన్ల కోసం చెయ్యి పెడితే
అప్పుడప్పుడూ ఒక పేరు వేళ్ళకి తగిలేది.

మళ్ళా వేసవికి గజపతి వచ్చినాడు,
చంకలో కర్ర.
ప్యాంటు బల్ల మీద పడేసి
"కుడికాలు పైకి మడిచి కుట్టాల" అన్నాడు.

నాయన టేపు మెడలో నుంచి తీసి
నేల మీద మోకాళ్ళూని
ముప్పై ఏళ్ళుగా అందరినీ అడిగేదే అడిగినాడు:
"ఎంత దాకా?"

గజపతి గేటు దిక్కు చూసినాడు.
అవతల కొత్త పిల్లోళ్ళు
లెఫ్ట్ రైట్ కొడతా ఉండారు.
"ఎవరూ చెప్పలే, చెంగప్పా.
మేం అడగనూ లే."

నాయన సుద్దముక్క
మోకాలు కింద నిలిచిపోయింది.

మిగిలిన గుడ్డ కావాలా అని
గిరాకీని అడగడం నా పని.
ఆ రోజు నేనడగలే.