చలి లెక్క

రాజేంద్రనగర్ తోటలో
చలిని గంటల్లో లెక్కపెట్టే ఉద్యోగం నాది.
ఏడు డిగ్రీలకు కిందికి దిగితేనే అది గంట.
ఆపిల్ చెట్టు ఎనిమిది వందలు అడుగుతుంది,
ఈ ఊరు డిసెంబరంతా పిండితే
పదకొండు.

అందుకే ఆకులు దూస్తాం.
పచ్చగా, ఇంకా పనిలో ఉన్న ఆకుల్ని
చేత్తో, ఒక్కొక్కటే.
చలికాలం వచ్చి పోయిందని
చెట్టుకు అబద్ధం చెప్పడమన్నమాట.
మొగులమ్మ దూస్తూ దూస్తూ అంటుంది:
"పండుకో బిడ్డా, మంచు పడ్డదనుకో."
ఆ మాట ఏ పాఠంలోనూ లేదు.
ఆమె వరసలోనే మొగ్గలు ముందు విచ్చుకుంటాయి.

పూత రోజుల్లో తెల్లారి ఆరింటికే పని.
విచ్చని మొగ్గ రేకులు గిల్లి, కేసరాలు తీసి,
ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన దాచిన
సీసాలోని పుప్పొడిని
కాటుకపుల్లంత బ్రష్‌తో అద్దాలి.
ఆపైన కాగితం సంచి, దారం, చీటీ:
తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ.
"కులం రాయవా సారూ?" అని ఒకసారి నవ్వింది.
చీటీ మీద ఇంకో గడి ఉంది, గుణం.
ఏడేళ్ళకు గానీ నిండదు.

గింజ అమ్మ పోలికా కాదు, నాయన పోలికా కాదు.
రెండు వందల పన్నెండు మొక్కల్లో
సగం ఎండకు, కొన్ని బూజుకు,
ఒకటి వాచ్‌మన్ మేకకు.
మిగిలినవాటిని సాకితే
నిమ్మకాయంత కాయ, నాలుక మడతపడే పులుపు.

ఆరాంఘర్ చౌరస్తాలో బండి మీద
స్టిక్కర్లతో, మైనం మెరుపుతో సిమ్లా పళ్ళు,
కిలో రెండొందల నలభై.
మనవరాలికి జ్వరం వస్తే
మొగులమ్మ ఒకే ఒక్కటి తూకం వేయిస్తుంది.

రుచి చూసేదీ ఆమే.
కింది పళ్ళు రెండు పోయాయి, నాలుక పోలేదు.
కొరుకుతుంది, ఉమ్ముతుంది.
"సప్పగ."
"ఒగరు."
"ఇది మేక తిన్నా బాగుండు."
నేను ఎర్రగీత కొడతాను. సాయంత్రానికి గొడ్డలి.

నూట ముప్పై ఆరు దగ్గర
ఉమ్మలేదు.
మాట్లాడనూ లేదు.
మిగిలిన సగం కాయ కొంగున ముడేసుకుంది.

తోట కాయ గేటు దాటకూడదని
రూలు రాసి అంటించింది నేనే.
ఆమె బస్సెక్కేదాకా
ఆ ముడి వైపు చూడకుండా నిలబడ్డాను.
రిజిస్టరులో 136 ఎదురుగా రాశాను:
ఉంచాలి. వచ్చే ఏడు మళ్ళీ చూడాలి.
కారణం అనే గడిలో ఏం పెట్టాలో తెలియక
ఆ రోజు చలి రాశాను,
సున్నా.