రాగి రేకు

గ్రిమ్స్‌బీ రేవు వెనక సందులో
మా అచ్చాఫీసు.
సిరా కంటే ముందు చేపల వాసనే తగిలేది.
నాకు పదహారేళ్లు. సీసపు అక్షరాలు ఏరి
తలకిందులుగా పేర్చడం నా పని.

డోర్కాస్ మంబీ ఓ కాగితం తెచ్చింది.
సముద్రం పడవని తిరిగిచ్చింది,
ఆమె మొగుణ్ణి ఇవ్వలేదు.
కార్డు మీద ఒకే వాక్యం వేయమంది:
ఐ మిస్ హిమ్ సింగింగ్.

ప్రూఫులు దిద్దే ఈనిడ్ కాథోర్న్
చెవి వెనక నుంచి ఎర్ర పెన్సిలు తీసి
హిమ్ కొట్టేసి హిజ్ రాసింది.
"పాడటం ఇక్కడ నామవాచకం, అబ్బాయ్.
గొడుక్కి ఉన్నట్టే దానికీ ఓ యజమాని ఉండాలి.
అతని గొడుగు. అతని పాడటం."

ఎమ్ పీకాను, ఎస్ పెట్టాను.
ఎమ్ లావు, ఎస్ సన్నం.
మిగిలిన సందులో ఒక సీసపు ముక్క,
ఇంకా వదులుంటే ఒక రాగి రేకు
దూర్చి పంక్తి బిగించాను.

మర్నాడు ప్రూఫు చూసి
డోర్కాస్ చేతి తొడుగులైనా విప్పలేదు.
"ఆయన పాట ఎవరిక్కావాలి?
గొంతా అది, తుప్పు పట్టిన గిలక!
పక్కింటివాళ్లు గోడ బాదేవాళ్లు.
నాకు లేనిది పాట కాదు.
బంగాళదుంపల చెక్కు తీస్తూ
మోచేతుల దాకా తడిసి
పాడుతూ ఉన్న ఆ మనిషి.
మీరు ఎస్ పెట్టారు,
పాటని పొయ్యి దగ్గర వదిలేసి
ఆయన్ని గుమ్మం దాటించారు."

ఈనిడ్ కళ్లజోడు తుడిచింది,
చాలాసేపు తుడిచింది.
"వ్యాకరణం నా వైపే ఉంది," అంది.
"కార్డు మాత్రం మీది."
కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టింది,
ఉన్నది ఉన్నట్టే ఉంచమని.

ఎమ్ మళ్లీ దాని చోట కూర్చుంది.
బయటికొచ్చిన రేకుని
ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నా.

పందొమ్మిదేళ్ల తర్వాత
ఈనిడ్ కార్డు కూడా నేనే పేర్చాను.
మా ఫోర్‌మన్ రాసిచ్చిన మాట:
వుయ్ మిస్ హర్ కరెక్టింగ్ అస్.
అలవాటు కొద్దీ ఆగాను, ఎర్ర పెన్సిలు కోసం.
హర్ అంటే ఆవిడా, ఆవిడదా?
ఇంగ్లీషులో ఆడవాళ్లకి
రెంటికీ అదే మాట, అవే మూడక్షరాలు.
దిద్దడానికి ఏమీ లేదు.
ఆవిడకి ఇది నచ్చేదో, కోపమొచ్చేదో.

సందు మిగల్లేదు.
రేకు నా జేబులోనే ఉంది.