తప్పుగా తీసినది: ఒకటి

గంటకు పదమూడు డాలర్లు,
పడుకోవడానికి మూతపడిన బడిలో ఒక ఇనప మంచం,
కీచురాళ్ళ రొద ఉచితం.
ఉద్యోగం పేరు భూసంరక్షణ.
చేసేది కలుపు తీయడం.

అయోవాలో జూన్ అంటే
ఎనిమిదింటికే చొక్కా వీపుకి అంటుకుపోవడం.
కళ్ళానినంత మేరా మొక్కజొన్న,
నూనె రాసి దువ్వి పాపిట తీసినట్టు వరసలు.
మధ్యలో పద్నాలుగు ఎకరాలు మాత్రం
ఎవరూ దువ్వని తల.

అదే మా ప్రెయిరీ.
పాత శ్మశానం కంచె లోపలికి నాగలి వెళ్ళలేదు గనక
అక్కడ పిడికెడు మిగిలిందట.
ఆ పిడికెడు లోంచి గింజలు దూసి
ఇరవై ఏళ్ళుగా చుట్టూ చల్లుతున్నారు.
"చచ్చినవాళ్ళు కాపలా కాసిన గడ్డి" అని
ఓడాలిస్ నవ్వింది.
తను షికాగో పిల్ల, నేలని ఆరో అంతస్తు నుంచి చూసి పెరిగింది.
నేను డెమాయిన్‌లో అకౌంట్స్ చదువుతూ
రెండో ఏడు మధ్యలో అంకెల మీద మనసు విరిగి వచ్చినవాణ్ణి.

జోలీన్ మా మేస్త్రీ. మాటలు లెక్కపెట్టి ఖర్చు చేస్తుంది.
క్లోవర్ పీకండి, వేరుతో సహా.
అడవి పార్స్‌నిప్ ముట్టుకోకండి,
రసం తగిలి ఎండ పడితే బొబ్బలెక్కుతుంది.
అంతే.
సాయంత్రం మేజోళ్ళు తిరగేసి
ఒకరి మెడ వెనక ఒకరం పిడుదుల కోసం వెతుక్కుంటాం,
సిగ్గు మొదటి వారమే పోయింది.

మూడు వారాలకి కళ్ళు మారాయి.
మొదట్లో అంతా పచ్చ.
తర్వాత ఆ పచ్చలోంచి
ఒక్కొక్కటీ పేరుతో సహా బయటికొచ్చింది,
ఎవరి ముక్కు ఎవరి పోలికో తెలిసిపోయే చుట్టాల్లాగా.

సరిగ్గా అప్పుడే అహంకారమూ మొలిచింది.

బుధవారం మధ్యాహ్నం,
చీలికల ఆకు, గరుకు, నేలకి అణిగి ఉంది.
తిస్టిల్ అనుకుని పార దించాను.
రాలేదు.
బూటుతో తొక్కాను.
లోపలెక్కడో
చెరుకు విరిగిన చప్పుడు.

జోలీన్ వచ్చి ఆకు ఎత్తి చూసింది.
"దిక్సూచి మొక్క" అంది.
"ఒక అంచు ఉత్తరానికి, ఇంకోటి దక్షిణానికి పెట్టుకుని నిలబడుతుంది.
ఎనిమిదేళ్ళది. పై ఏడు పూసేదేమో."
తిట్టలేదు.
తిడితే బాగుండేది.

గురువారాలు వర్లిన్ ట్యాడెన్ వస్తాడు,
ఎనభై ఒకటి, జీతం లేని పని, సొంత కొడవలి.
నా పక్కన ట్రక్కు నీడలో కూర్చుని
ఉడికించిన గుడ్డు ఒలుస్తూ,
"ఏం అకౌంటెంటూ, ఒకటి తెంపావట.
ఆ కంచెకి ఆనుకుని ఉన్న ఎనిమిదెకరాలూ
డెబ్బై మూడులో నేనే దున్నాను.
సోయా ధర ఆకాశంలో ఉంది.
వేర్లు తెగుతుంటే గుడ్డ చింపుతున్న చప్పుడు,
ఇంజను మీంచి కూడా వినపడింది, రెండు రోజులు.
ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం.
మంచి ఫ్రిజ్."

గుడ్డు తినేశాడు.
క్షమాపణ ఏమైనా వస్తుందేమో అని చూశాను,
ఆయనదో, నాదో.
లేచి, నేను చేసిన గుంటలోకి మట్టి నెట్టి
సీసాలో మిగిలిన నీళ్ళు పోశాడు.
"వేరు నాకంటే పొడుగు.
పైన పోయింది పైనే పోయిందేమో.
ఏమో."

ఆ రాత్రి రోజువారీ పుస్తకంలో రాశాను.
తీసినవి: క్లోవర్, నాలుగు సంచులు.
తప్పుగా తీసినది: ఒకటి.
అలాంటి గడి ఆ పుస్తకంలో లేదు, నేనే గీశాను.
జోలీన్ చదివి కింద సంతకం పెట్టింది.
మర్నాడు ఓడాలిస్ అదే గడిలో రెండు వేసింది.

ఆగస్టు ఆఖరి రోజు
నారింజ రంగు జెండా గుర్తుపట్టి వెళ్ళాను.
మోకాళ్ళ మీద వంగాను.
చీమలు. ఎండిన గడ్డిపోచ. నెర్రె.
మొలకలాంటిదేదో ఉంటే బాగుండునని
కాసేపు లేనిదాన్ని చూశాను.

వచ్చే వేసవి ఇంకెవరో వచ్చి
ఈ జెండా ఏమిటని అడుగుతారు.
జోలీన్ చెబుతుందో, పీకేస్తుందో.

అవతల ట్రక్కు హారన్.
లేస్తుంటే పక్కనే క్లోవర్ ఒకటి కనపడింది.
రెండుసార్లు చూసుకుని
పీకాను.