సగంలో సగం

నారిన్‌లో నవంబరంటే
సీసాలో ఇంకు రాత్రికి రాత్రే గడ్డకట్టే నెల.
ఇరవై రెండేళ్లుగా నేనిక్కడ లెక్కల టీచర్ని.
నల్లబల్ల మీద గుండ్రం గీస్తాను,
దాన్ని నాలుగు చేస్తాను,
ఒక ముక్కకి గీతలు కొట్టి "ఇది పావు" అంటాను.
ఇరవై రెండేళ్లుగా అదే గుండ్రం.
ఈ ఏడు ఐదో తరగతిలో
అది ఒక్కరికీ ఎక్కలేదు.

తిలెక్ కాపరి కొడుకు.
వాడికి గుండ్రం వద్దు, గొర్రె కావాలి.
సరే, గొర్రెనే గీశాను.
పన్నెండు సమాన భాగాలు చేశాను.
"తప్పు, బురుల్చా అక్కా!" లేచి నిలబడ్డాడు.
"తుంటి ఎముక అందరికన్నా పెద్దాయనకి,
తల అతిథికి,
చెవి కోసి చిన్నపిల్లాడికి.
సమానంగా పంచితే
మా తాత చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లిపోతాడు."
క్లాసంతా తలూపింది.
భాగమంటే సమానమని
నేను వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు.
తెలుసనుకున్నాను, అంతే.
ఆ రోజు సుద్దముక్క కిందపెట్టి
మాంసం పంచడం నేర్చుకున్నాను.

ఐచురెక్ వాళ్లమ్మ నమదా తివాచీలు కుడుతుంది.
ఎర్ర ఉన్ని మీద నీలం పరిచి
ఒకే కత్తితో రెండూ కోస్తుంది.
ఎరుపులో తీసిన కొమ్ము నీలంలోకి,
నీలంలో తీసింది ఎరుపులోకి,
నేలమీద పోగు కూడా మిగలదు.
ఆ పిల్లకి రెండు రంగుల కాగితాలూ
ఒక కత్తెరా ఇచ్చి ఊరుకున్నాను.
గంట కొట్టేముందు వచ్చి చెవిలో అంది:
"ముప్పావంటే
పావంత బెజ్జం పడ్డ ఒకటి."
ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు.

బెక్‌బొలోత్‌ని కూర్చోబెట్టడం
గుర్రానికి అక్షరాభ్యాసం చేయించడమే.
కనక నడిపించాను.
తలుపు నుంచి కిటికీకి పదహారు అడుగులు.
సగం నడువు, ఆగు.
మిగిలినదాంట్లో సగం, ఆగు.
మళ్లీ సగం.
"ఇలా అయితే కిటికీ ఎప్పుడొస్తుంది?" అన్నాడు.
ఆ ప్రశ్న మీద బిష్కెక్‌లో రెండేళ్లు చదివాను.
జవాబు వెతుక్కునేలోపు
ఆరో సగానికి
వాడి ముక్కు గాజుకి తగిలింది.

ఇక జిర్గల్.
గొర్రెకీ పలకలేదు, కత్తెరకీ పలకలేదు,
నడవమంటే నడిచి, వచ్చి కూర్చుంది.
ఎప్పుడూ పొయ్యి పక్క బెంచీయే.
బొగ్గు వేసే పని ఎవరూ చెప్పకుండానే తనదైంది.
కళ్లు సగం మూసుకుని ఉంటుంది.
రిజిస్టర్లో ఆమె పేరు పక్కన
పెన్సిల్‌తో ఒక మాట రాసుకున్నాను.
ఆ మాట ఇక్కడ రాయను.

లారీ కనుమలో చిక్కుకుని
బొగ్గు రాని వారం,
బడి మొత్తానికి క్లాసుకి ఒక్క బకెట్.
"మధ్యాహ్నం దాకా వస్తుందా?" అన్నాను,
ఎవరినీ అడగకుండా, గోడతో అన్నట్టు.
"బకెట్ నాలుగు పీరియడ్లు," అంది జిర్గల్ కళ్లు తెరవకుండానే.
"సగానికి రెండు. సగంలో సగానికి ఒకటి.
అందులో సగం వేస్తే
అక్కా, నువ్వు హాజరు పిలవడం ఆలస్యం చేస్తావు కదా,
లెక్క మొదలయ్యేసరికి చల్లారిపోతుంది."

రెండేళ్లుగా ఆ పిల్ల
నా పాఠాలన్నిటినీ మంటతో కొలుస్తోంది.
నేనేమో నిద్ర అనుకున్నాను.
రబ్బరు వెతికాను.
పెన్సిల్ గీత పోయింది గాని
కాగితం మీద నొక్కిన గుర్తు పోలేదు.

ఇవాళ జిల్లా నుంచి పరీక్ష కాగితాలొచ్చాయి.
ప్రశ్న పక్కన బొమ్మ: అదే గుండ్రం.
పావు పెద్దదా, అరపావు పెద్దదా? ఎందుకు?
తిలెక్ గొర్రె కాళ్లు గీసి కొట్టేశాడు.
బెక్‌బొలోత్ జవాబు మార్జిన్ దాటి నడిచి వెళ్లింది.
జిర్గల్ రాసింది:
"పావు. ఎందుకంటే అరపావుకి
చివరి బెంచీ వాళ్ల వేళ్లు వంగవు."

జవాబుల పట్టీలో ఇది లేదు.
మార్కు వెయ్యాలని ఎర్ర పెన్ను తీశాను.
ఇంకు గడ్డకట్టింది.
పొయ్యి పక్కన, ఆమె బెంచీలో కూర్చుని
పెన్నుని మంటకి చూపిస్తున్నాను.
బకెట్‌లో పావు మిగిలింది.
ఒక పీరియడు టైముంది.