నక్షత్రానికి ఒక్క మాటే

బ్ర్నోలో, ట్రాము కీచుమంటూ మలుపు తిరిగే చోట,
మూడో అంతస్తులో జ్దిస్లావా
ఒక వాక్యాన్ని చంపడానికి
పొద్దుటినుంచీ కూర్చుని ఉంది.

"నక్షత్రం దేనికైనా సరిపోతుంది."

నాలుగేళ్ల కిందట తనే రాసింది,
ఒంట్లో జ్వరం, నెత్తిమీద గడువు.
అబద్ధం కాదు. నిజం అనడానికీ నోరు రాదు.

చిరునామా అంటే ఏముంది,
మాటలు, మాటల మధ్య చుక్కలు:
మంచు.బెస్కిడీ.ఉత్తరం
రూటర్ ఒక్కో చుక్క దగ్గరా ఆగి
గుమ్మం మీది నమూనాతో పోల్చుకుంటుంది.
కవరు లోపల ఎవరి ఏడుపుందో దానికి పట్టదు.

రదోవాన్ ఆ వాక్యాన్ని నమ్మాడు.
మంచు తోసే బళ్ల షెడ్డు గుమ్మానికి
మంచు.* అని తగిలించాడు.

జనవరిలో ఒక రాత్రి
వాతావరణ కేంద్రంలో ఎవరో
ఏ కొండ అని రాయాలో తోచక,
అన్ని కొండలూ కదా అనుకుని,
ఉత్త "మంచు" అని పంపారు.
వెనక చుక్క లేదు, ఊరు లేదు.
నక్షత్రం తన మాట తనకు కావాలంది,
ఒక్కటి, ఎక్కువొద్దు, తక్కువొద్దు.
గుమ్మం తెరుచుకోలేదు.

వెందెలీన్ బూట్లతోనే పడుకున్నాడు, ఫోను మోగుతుందని.
కనుమలో బస్సు నాలుగు గంటలు నిలిచిపోయింది.
ఎవరూ పోలేదు.
పదకొండుమంది చేతులు మారి
ఎవరిదో పుల్లటి క్యాబేజీ జాడీ ఖాళీ అయింది.

తరవాత అతను ఉత్తరం రాశాడు. తిట్టలేదు.
"దేనికైనా అంటే
ఏమీ లేనిదానికి కూడానా, అమ్మా?"

ఆ ప్రశ్న గోడకి అంటించుకుని ఆమె రాసింది:
* అంటే సరిగ్గా ఒక మాట.
# అంటే సున్నా, ఒకటి, ఎన్నైనా.
"సున్నా ఎందుకు, లెక్కల పుస్తకమా?" అన్నాడు బొహుమీర్,
"ఒకటి లేదా ఎక్కువ అంటే సాఫీగా ఉంటుందిగా."
సాఫీగానే ఉంటుంది. బస్సు ఆగిందీ అక్కడే.
ఆమె సున్నాని కదలనివ్వలేదు.

నాకు మన అరసున్న గుర్తొచ్చింది.
పలికేది కాదు, అయినా దాని చోటు దానికుండేది;
ఎవరికీ అక్కర్లేదని తీసేశాక
కొన్ని మాటల పుట్టుక తెలియకుండా పోయింది.
జ్దిస్లావాకి ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.
చెబితే కాఫీ పక్కన పెట్టి వినేదే.

రదోవాన్ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.
నక్షత్రం పీకి హ్యాష్ పెట్టాడు.

డిసెంబరు రెండో వారంలో
వెందెలీన్ దగ్గర్నుంచి మరో ఉత్తరం:
"వచ్చింది. తెల్లారగట్ల మూడున్నరకి.
నిద్ర పాడైంది."