సుడి

షెఫీల్డ్‌లో, ఇంజనీరింగ్ భవనం అడుగున
కిటికీ లేని గదిలో
నిమిషానికి డెబ్భైసార్లు కొట్టుకునే గుండె ఒకటుంది.
దానికి మనిషి లేడు.
పిస్టన్ ఉంది, అక్రిలిక్ గది ఉంది,
సిలికాన్‌తో పోతపోసిన బృహద్ధమని ఉంది.
నెత్తురు బదులు నీళ్లలో గ్లిజరిన్.
పాళ్లు నేనే కలుపుతాను.
నెత్తురంత చిక్కగా, అద్దమంత తేటగా రావాలి;
ఎక్కువైతే పానకం, తక్కువైతే కుళాయి నీళ్లు.
ఎంత కడుక్కున్నా మధ్యాహ్నం అన్నం ముద్ద
వేళ్లకు తియ్యగా తగులుతుంది.

గుండె నీరైపోయింది అంటారు మావాళ్లు.
ఇక్కడ అది నా పొద్దుటి డ్యూటీ.

ఈ వారం వచ్చిన కవాటం
పాత రూపాయి బిళ్లంత.
నల్లటి కార్బన్ ఉంగరం, లోపల రెండు రెక్కలు.
తలుపుకీ రెక్కలే, పక్షికీ రెక్కలే,
తెలుగులో ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు.
ఇవి ఎగరవు.
తెరుచుకుంటాయి, మూసుకుంటాయి,
ఏడాదికి మూడున్నర కోట్లసార్లకు పైగా,
ఒక్కసారి మరిచిపోయినా కుదరదు.

దీపాలార్పి లేజర్ వేస్తే
పలచటి ఆకుపచ్చ కాగితమొకటి నీళ్లలో నిలబడుతుంది.
పిండికన్నా సన్నటి గాజుపూసలు
దాని మీద మెరుస్తూ పరిగెడతాయి.
రెక్కలు విచ్చుకోగానే ధార
మూడు పాయలుగా దూకుతుంది.
పాయ అంచు మరీ ఒరుసుకుంటే
నిజం మనిషిలో ఎర్రకణాలు చితికిపోతాయి.
కీలు మూల నీరు కదలకుండా కూర్చుంటే
అక్కడే గడ్డ కడుతుంది.
గోడ ఉబ్బినచోట మాత్రం
ఒక సుడి, తొందరలేకుండా తిరుగుతూ,
వెనక్కొచ్చే నీటికన్నా ముందే వెళ్లి
రెక్కను మెల్లగా ఒత్తుతుంది,
నిద్రపోయే పిల్ల గది తలుపు దగ్గరకేసినట్టు.

"సుడి ఉన్నవాడమ్మా" అనేది మా సూరమ్మత్త
చీట్లపేకలో గెలిచినవాణ్ణి చూసి.
సెకనుకు వెయ్యి ఫోటోలు తీసి
నేను వెతుకుతున్నదీ దాన్నే.

గురువారం రాత్రి నలభై ఒకటో పరీక్షలో
పీడనం గీత వణికింది. ఎక్కడో బుడగ.
పైనుంచి కెన్ స్టానిఫోర్త్ దిగొచ్చాడు.
ముప్పైయేళ్లు ఉక్కు చెక్కి
ఇప్పుడు మాకు అక్రిలిక్ చెక్కుతున్న మనిషి,
లేతు దగ్గరైనా, కాఫీ దగ్గరైనా
చేతులకు మందపాటి తొడుగులు తియ్యడు.
పంపు ఆపేశాను. పూసలు నెమ్మదించాయి.
టిక్. టిక్. టిక్.
స్విచ్ చూశాను. ప్లగ్గు పీకాను.
టిక్. టిక్.

"నాదే," అన్నాడు, స్వెటర్ మీద వేలితో తట్టి.
"పద్నాలుగేళ్లయింది. లైబ్రరీలో ఒకావిడ
వాచీ తీసెయ్యమని తగువాడింది."
రోజూ ఆరింటికి ఒక మాత్ర,
నెత్తురు గడ్డకట్టకుండా, గీసుకుంటే ఆగకుండా.
తొడుగుల సంగతి అప్పుడర్థమైంది.
నా గ్లిజరిన్‌కి ఉన్నట్టే
అతనికీ ఎవరో పాళ్లు చూసేవాళ్లున్నారు.

అడగాలనిపించింది:
నీ లోపల ఎలా తిరుగుతోంది?
మూడు పాయలూ సమానమేనా?
లెక్కలు తెలిసినవాళ్లం,
ఏ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో మాత్రం తెలీదు.
అడగలేదు.
అతను గొట్టం వంపు దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో కొట్టాడు.
కందిగింజంత బుడగ
బద్ధకంగా పైకి లేచి పోయింది.

నలభై ఒకటి కొట్టేసి
కారణం దగ్గర "గాలి" అని రాశాను.
నలభై రెండు మొదలుపెట్టాను.
పంపు డెబ్భై, అతను డెబ్భై ఎనిమిదో ఎనభయ్యో;
రెండు టిక్కులూ ఒక్కసారి కలిశాయి,
మళ్లీ దేని దారి దానిదే.

గుడ్ నైట్ చెప్పి మెట్లెక్కుతున్నవాడు
సగంలో ఆగాడు.
పంపు చప్పుడులో ఏమీ వినపడలేదు.
ఆపేసి, చెవి పెట్టాను.

అలా నలభై రెండు కూడా పోయింది.